మంచు పత్తి కాదు!

ఫోన్లలో కనిపించే మంచు కొండలు మన పిల్లల్ని పిలుస్తున్నాయి. స్నోబోర్డు ఎక్కాలన్న ముచ్చట ఆదిలాబాద్ దాకా వచ్చింది. ముచ్చట మంచిదే. ఎక్కే ముందు పడటం నేర్చుకుంటే ఆ ముచ్చట క్షేమంగా తీరుతుంది.

తెల్లారి ఆరు కావస్తోంది. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డు బయట బొలెరోలు, ట్రాక్టర్లు, ఒకటి రెండు ఎడ్ల బండ్లు బారులు తీరి ఉన్నాయి. మంచు ఎంత దట్టంగా కమ్మిందంటే ముందున్న బండి ఎర్ర లైటు తప్ప మరేమీ కనబడటం లేదు. రోడ్డు పక్కన పత్తి కట్టెతో చలిమంట వేసుకుని, దుప్పట్లు కప్పుకున్న రైతులు చేతులు కాచుకుంటున్నారు. అందరి దిగులూ ఒక్కటే. ఈ మంచుకు పత్తి తేమ పట్టేస్తుంది. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు యంత్రం పెట్టి చూసినప్పుడు ఎనిమిది శాతం దాటితే ధర తగ్గుతుంది, పన్నెండు దాటితే కొననే కొనరు.

బేల నుంచి బాపుతో కలిసి బండి తోలుకొచ్చిన ఓ కుర్రాడు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాడు. ఫోను నా ముందు పెట్టాడు. తెల్లటి వాలు మీద ఎవరో పలక మీద నిలబడి పాములా మెలికలు తిరుగుతూ జారిపోతున్నారు.

"అన్నా, ఇది సూడు. గుల్మార్గ్. మేం నలుగురం దోస్తులం పోదామనుకుంటున్నం. ఈ పలక ఆడ కిరాయికి ఇస్తరంట."

"నేర్పెటోళ్లను మాట్లాడుకున్నరా తమ్మీ?"

"నేర్సుకునుడేముందన్నా? నిలబడుడే గదా. పడితే పడతం. కింద మంచే ఉంటది. పత్తి లెక్క మెత్తగ ఉంటది."

నేను స్వెటర్ చెయ్యి పైకి లాగి ఎడమ మణికట్టు చూపించాను. లోపలి వైపు నిలువునా ఒక గీత. "ఈ చర్మం కింద గూడ ఒక పలక ఉంది తమ్మీ. ఎముకకు బిగించిండ్రు. మెత్తగ ఉంటదని నేను గూడ అనుకున్న."

కుర్రాడు గీతను చూస్తూ ఉండిపోయాడు. మంటలోకి కట్టె తోస్తున్న వాళ్ల బాపు తల ఎత్తకుండానే అన్నాడు: "మిల్లుల నొక్కినంక పత్తి మెత్తగుంటదా బిడ్డా?"

స్నోబోర్డు నేర్చుకునేవారికి చెప్పాల్సిన మొదటి పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. కొత్తగా రాలిన మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. అప్పుడే తీసిన పత్తిలాగే అడుగేస్తే దిగిపోతుంది. కానీ కొత్తవాళ్లు నేర్చుకునే వాలు మీద పొద్దుటి నుంచి వందల మంది తొక్కి, యంత్రాలు చదును చేసి, రాత్రి చలికి గడ్డకట్టిన మంచు ఉంటుంది. అది జిన్నింగ్ మిల్లులో నొక్కి కట్టిన బేలు లాంటిది. 170 కిలోల పత్తి బేలు మీద వెనక్కి విరుచుకుపడితే ఏమవుతుందో, అక్కడా అదే అవుతుంది.

ఒక్క మాట, మూడు మంచులు

గడ్డి మీద తెల్లారి మెరిసేదీ మంచే, కెరమెరి ఘాట్‌లో దారి కనబడకుండా కమ్మేదీ మంచే, కశ్మీర్‌లో కొండల మీద పరుచుకునేదీ మంచే. మన భాషలో మూడింటికీ ఒకే మాట. మూడోది మన నేల మీద ఎన్నడూ పడదు కాబట్టి విడిగా పేరు పెట్టుకునే అవసరం రాలేదు. తెలంగాణ కశ్మీర్ అని ఆదిలాబాద్‌ను ముద్దుగా పిలుస్తాం. సిర్పూర్ (యు), గిన్నెధరి, అర్లి (టి) లాంటి చోట్ల చలికాలంలో పాదరసం ఒంటి అంకెలకు దిగుతుంది. రాష్ట్రమంతా ఆ అంకెల్ని పేపర్లో చూసి దుప్పటి వెతుక్కుంటుంది. అయినా ఈ చలి వేరు, ఆ మంచు వేరు. సముద్ర మట్టానికి 264 మీటర్ల ఎత్తులో పుట్టి పెరిగిన మనకు ఆ నేల నడక కూడా కొత్తే.

కానీ దారి మాత్రం కొత్తది కాదు. ఆదిలాబాద్ పక్క నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ముగుస్తుంది. పెన్‌గంగ దాటి, నాగపూర్ మీదుగా ఉత్తరానికి పోతూ ఉంటే అదే రోడ్డు కశ్మీర్ లోయలో దించుతుంది. అక్కడి నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. అక్కడి ఆపిళ్ల లారీలు ఈ రోడ్డు మీదే దక్షిణానికి దిగుతాయి. ఇప్పుడు మన పిల్లల మనసులు ఆ రోడ్డు మీద ఎదురు పోతున్నాయి.

ఇందుకు కారణాలు కనబడుతూనే ఉన్నాయి. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో మొదలైన స్నోవరల్డ్‌లో మన ప్రాంతపు పిల్లలు ఎందరో మొదటిసారి మంచును చేత్తో ముట్టుకున్నారు. కేంద్రం 2020 నుంచి గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరుపుతోంది. వాటిలో స్నోబోర్డింగ్ కూడా ఉంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ ప్రాంతం వాడే. అతనిది స్కీయింగ్. ఇటలీలోని మిలాన్, కోర్టినాల 2026 ఫిబ్రవరి ఒలింపిక్స్ పేరు చెప్పుకుని ఫోన్లలో మళ్లీ మంచు కురుస్తోంది. ఇక కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు సెలవు దొరికితే కొలరాడోకో, లేక్ తాహోకో పోయి పెడుతున్న ఫొటోలు సరేసరి.

---

పలక పుట్టిన కథ

▪ 1965 క్రిస్మస్ రోజు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మస్కీగన్ ఊరు. షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించాడు. ముందు కొసకు ఒక తాడు కట్టాడు. దానికి స్నర్ఫర్ అని పేరు పడింది.

▪ 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లో బోర్డులు తయారు చేయడం మొదలుపెట్టాడు. పాదాలను పలకకు బిగించే పద్ధతి అలాంటి వాళ్ల చేతుల్లోనే రాటుదేలింది.

▪ మొదట్లో స్కీ వాలుల మీదికి బోర్డులను రానిచ్చేవారు కాదు. 1998లో జపాన్‌లోని నగానోలో స్నోబోర్డింగ్ ఒలింపిక్ క్రీడ అయింది.

▪ అమెరికాలో ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ అనే మూడు చోట్ల ఇప్పటికీ స్నోబోర్డుకు ప్రవేశం లేదు.

---

అంచు మీదే ఆట అంతా

స్కీయింగ్‌లో కాలికో స్కీ, చేతికో కర్ర ఉంటాయి. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి, చేతిలో కర్రలు ఉండవు. పక్కకు తిరిగి నిలబడాలి. తూలినప్పుడు అడుగు ముందుకేసి నిలదొక్కుకోవడం మనిషికి నడక వచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. పలక మీద ఆ అలవాటు పనికిరాదు. అందుకే తొలి రెండు రోజులు ఎంతటి ఆటగాడైనా పడుతూనే ఉంటాడు.

ఏ కాలు ముందుండాలో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మేజోళ్లు తొడుక్కుని నున్నటి గచ్చు మీద పరుగెత్తి జారితే, ఆలోచించకుండా ఏ కాలు ముందుకు వస్తుందో చూసుకోవాలి. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ అంటారు. రెండూ సమానమే. బోర్డు కిరాయికి తీసుకునేటప్పుడు ఈ సంగతి చెబితే పాదాలను పట్టి ఉంచే పట్టీలను అందుకు తగ్గట్టు బిగిస్తారు.

పలక రెండు పక్కలా ఉక్కు అంచులుంటాయి. మడమల కిందిది ఒకటి, కాలి వేళ్ల కిందిది మరొకటి. ఆపడం, తిప్పడం, వేగం తగ్గించడం అన్నీ ఈ అంచులతోనే. వాలుకు అడ్డంగా నిలబడి, కొండ వైపు ఉన్న అంచును మంచులో గుచ్చితే పలక ఆగుతుంది. ఒత్తిడి కొంచెం సడలిస్తే మెల్లగా కిందికి జారుతుంది. బండికి బ్రేకు ఎంతో, కొత్తవాడికి ఈ అడ్డజారుడు అంత.

ప్రమాదం కూడా అంచుతోనే. పలక అడ్డంగా జారుతుండగా పొరపాటున లోయ వైపు అంచు కిందికి వాలిందనుకోండి, అది మంచులో కసుక్కున దిగుతుంది. పలక ఆగిపోతుంది, మనిషి ఆగడు. సైకిల్ మీద పోతుంటే ముందు చక్రంలో కర్ర పడినట్టు అవుతుంది. చెయ్యి అడ్డం పెట్టే వ్యవధి కూడా దొరకదు. మడమ అంచు దిగితే నేరుగా వెనక్కి, తల వెనక భాగం నేలకు కొట్టుకునేలా పడతారు. కొత్తవాళ్లకు తల దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇలాగే. అదీ నిటారు కొండ మీద కాదు, దాదాపు చదునుగా ఉన్న చోట, ఏమీ కాదులే అనుకున్న క్షణంలో.

ఆ మధ్యాహ్నం నా చెయ్యి

కొన్నేళ్ల కిందట మిత్రులతో కలిసి హిమాచల్ వెళ్లాను. దారి పక్కన మంచు పడ్డ చోట ఒక కిరాయి దుకాణం ఉంది. అద్దెకిచ్చినతను బూట్లు, పలక చేతికిచ్చాడు. హెల్మెట్ అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, ఇవ్వాలన్న ఆలోచన అతనికీ రాలేదు. "వాలు చిన్నదే, భయం లేదు" అన్నాడు. మూడోసారి జారేటప్పుడు పక్క నుంచి ఎవరో పిల్లవాడు అడ్డొచ్చాడు. తప్పించబోయి వెనక్కి పడ్డాను. పడుతూ ఎడమ చెయ్యి చాచాను.

నొప్పి వెంటనే తెలియలేదు. ముందు ఒక చప్పుడు వినబడింది, ఎండు కందికట్టె విరిగినట్టు. గ్లోవ్ తీసి చూస్తే మణికట్టు ఫోర్కు వెనక భాగంలా వంగి ఉంది. కిందికి దిగడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మంచు అందమూ కనబడలేదు, ఫొటోలూ గుర్తు రాలేదు. కట్టు కట్టిన డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "తొలిరోజేనా?"

ఆ ప్రశ్న నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. తర్వాత చదువుకుంటే తెలిసింది. స్కీయింగ్‌లో మోకాలు ఎక్కువగా దెబ్బతింటే, స్నోబోర్డింగ్‌లో ఎక్కువగా విరిగేది మణికట్టే. అందులోనూ కొత్తవాళ్లదే పెద్ద వాటా. పడేటప్పుడు చెయ్యి చాచడం ఒంటికి పుట్టుకతో వచ్చిన గుణం. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడి ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరుగుతుంది. మణికట్టుకు రక్షణ పట్టీలు తొడుక్కున్న వాళ్లలో ఈ గాయాలు బాగా తగ్గుతాయని నార్వే లాంటి దేశాల్లో చేసిన అధ్యయనాలు తేల్చాయి. నా దగ్గర ఆ పట్టీలు లేవు. అలాంటివి ఉంటాయనే తెలియదు.

పడటమే మొదటి పాఠం

మంచి గురువు దగ్గర చేరితే తొలి గంటలో జారడం నేర్పరు. పడటం, లేవడం, ఒక కాలు బిగించుకుని నడవడం నేర్పుతారు. చాలామందికి ఇది విసుగు. డబ్బు కట్టింది జారడానికి గదా అనిపిస్తుంది. ఆ గంటే మిగతా రోజుల్ని కాపాడుతుంది.

ముందుకు పడేటప్పుడు పిడికిళ్లు బిగించి, మోకాళ్లు ముందు ఆనేలా వంగి, ముంజేతుల మీద వాలాలి. అరచేతులు చాచకూడదు. వెనక్కి పడేటప్పుడు మోకాళ్లు మడిచి వీలైనంత కిందికి కుంగి, పిర్రల మీద కూర్చున్నట్టు పడి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు మీదుగా దొర్లాలి. చేతులు రొమ్ముకు దగ్గరగా ముడుచుకోవాలి. పడబోతున్నామని తెలిశాక నిలబడటానికి పెనుగులాడకూడదు. నిటారుగా ఉండి పడితే దెబ్బ ఎక్కువ, కుంగి పడితే తక్కువ.

ఇది మంచు మీదే నేర్చుకోవాలని లేదు. ఇంట్లో రెండు పత్తి పరుపులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, వారం రోజులు రోజుకు ఇరవై సార్లు పడితే చాలు, ఒంటికి అలవాటవుతుంది. దానికి తోడు బడిలో సారు తీయించిన గుంజీలు ఉండనే ఉన్నాయి. స్నోబోర్డు మీద రోజంతా మోకాళ్లు మడిచే నిలబడాలి. నెల రోజుల ముందు నుంచి గుంజీలు, మెట్లెక్కడం, ఒంటికాలి మీద నిలబడటం సాధన చేసినవారు మధ్యాహ్నానికే చతికిలబడరు. అలసిన కాళ్లతో సాయంత్రం "ఇంకొక్కసారి" అంటూ ఎక్కేటప్పుడే చాలామందికి దెబ్బలు తగులుతాయి. ఆ ఆఖరి సారి మానుకోవడం కూడా విద్యే.

---

తొలిరోజు ఒంటి మీద

▪ హెల్మెట్: స్కీయింగ్, స్నోబోర్డింగ్ కోసం చేసినదే కావాలి. బైకు హెల్మెట్ పనికిరాదు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2010లో కెనడా వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 35 శాతం తగ్గుతుంది.

▪ మణికట్టు పట్టీలు: కిరాయి దుకాణాల్లో చాలాసార్లు దొరకవు. హైదరాబాద్‌లో స్కేటింగ్ సామాన్లు అమ్మేచోట కొని వెంట తీసుకుపోవడం మేలు.

▪ బూట్లు: నిలబడి మోకాళ్లు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు. వేళ్లు కదలాలి.

▪ కళ్లజోడు: మంచు మీద ఎండ దాదాపు రెట్టింపై కళ్లకు తగులుతుంది. గాగుల్స్ లేకుంటే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది.

▪ బట్టలు: లోపల ఉన్ని లేదా చెమటను బయటికి వదిలే సింథటిక్, మధ్యలో వెచ్చనిది, పైన నీళ్లు దిగనిది. జీన్స్, నూలు బనియన్లు వద్దే వద్దు.

---

నూలు వద్దంటే మన ప్రాంతంలో ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఈ నేల బతికేదే పత్తి మీద. కానీ పత్తి తేమను ఎంతగా పీలుస్తుందో, పీల్చాక ఎంతకీ వదలదో ఆదిలాబాద్ రైతు కంటే తెలిసినవారు ఎవరు? యార్డులో ధర తగ్గించే ఆ గుణమే కొండ మీద ప్రాణం మీదికి తెస్తుంది. చెమటకు తడిసిన నూలు బనియన్ ఒంటికి అతుక్కుని, గాలి తగలగానే ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. వేసవిలో మనల్ని చల్లబరిచే బట్ట అక్కడ ఆ మేలు చేయకూడదు.

ఎక్కడ నేర్చుకోవాలి?

గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలో 1961 నుంచి పనిచేస్తున్న పర్వతారోహణ సంస్థ ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో ఉంది. అది సోలంగ్ లోయలో స్కీయింగ్ నేర్పుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగాయి. అక్కడ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ శిక్షణ తరగతులు నడుపుతూ వచ్చింది. ఔలీకి దారి 2023 జనవరిలో నేల కుంగి వార్తల్లోకెక్కిన జోషిమఠ్ మీదుగానే కాబట్టి బయల్దేరే ముందు దారి సంగతి కనుక్కోవాలి. ఈ సంస్థల్లో ఎక్కువగా నేర్పేది స్కీయింగ్. స్నోబోర్డుకు విడిగా శిక్షకుడు ఉన్నాడా, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు, హెల్మెట్ ఇస్తారా అని ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక రోజు కిరాయి సరదా కంటే వారం రోజుల శిక్షణ ఎన్నో రెట్లు మేలు.

మంచు కూడా మునుపటిలా మాట మీద నిలబడటం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక గోధుమ రంగులో కనబడ్డాయి. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. పలుచటి మంచు కింద రాళ్లు, మొద్దులు దాగి ఉంటాయి. డబ్బు కట్టేశాం కదా అని అలాంటి వాలు మీదికి దిగకూడదు.

మంచు ఎక్కువైనా ముప్పే. గుల్మార్గ్‌లో కేబుల్ కారు రెండు అంచెల్లో కొండ ఎక్కిస్తుంది. రెండో అంచె అఫర్వత్ శిఖరం కింద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. అక్కడి వాలులు అందంగా ఉంటాయి, కొత్తవాళ్లవి మాత్రం కావు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు చరియలు విరుచుకుపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మళ్లీ మంచు చరియలు విరిగిపడి ఒక రష్యన్ కన్నుమూశాడు. వాళ్లు మంచు దేశాల్లో పెరిగినవాళ్లు. మన పిల్లలు కేబుల్ కారు టికెట్ దొరికింది కదా అని పలక పట్టుకుని పైదాకా పోకూడదు. కింద మైదానంలో ఉన్న చిన్న వాలే తొలి బడి. గీసిన హద్దు దాటి, తాడు కట్టిన చోటు దాటి పోవడమంటే లోతు తెలియని గోదావరిలో దూకడమే.

ఎత్తు సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. విమానం దిగి, అదే పూట పైకెక్కి, అదే రోజు ఆట మొదలుపెడితే తలనొప్పి, వాంతులు, తల తిరుగుడు రావచ్చు. తొలిరోజు విశ్రాంతి తీసుకుని, నీళ్లు బాగా తాగి, మద్యం జోలికి పోకుండా ఉండాలి. తలనొప్పి ఉండగా మరింత పైకి పోకూడదు. ముదిరితే కిందికి దిగడమే మందు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు ఇంటి దగ్గరే డాక్టరును కలిసి బయల్దేరాలి.

పూర్ణ నడిచిన వరుస

"మరి మాలావత్ పూర్ణ పోలేదా అన్నా?" అని ఆ కుర్రాడు చలిమంట దగ్గర అడిగాడు. మంచి ప్రశ్న. పూర్ణ మన నిజామాబాద్ జిల్లాలోని పాకాల ఊరి పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆ రోజు ఫొటో అందరికీ గుర్తుంది. ఫొటోకు ముందు నడిచిన వరుస మాత్రం ఎక్కువమందికి గుర్తులేదు.

ముందు భువనగిరి బండ. తాడు పట్టుకోవడం, పట్టు తప్పితే ఏం చేయాలి అన్నది ఎండలో కాలే ఆ రాతి మీద నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, అక్కడి రెనాక్ శిఖరం. ఆ తర్వాత లద్దాఖ్‌లో గడ్డకట్టించే చలికి ఒంటిని అలవాటు చేసుకోవడం. ఆఖరున ఎవరెస్టు. ప్రతి మెట్టు దగ్గరా శేఖర్ బాబు బచినేపల్లి లాంటి అనుభవజ్ఞులైన శిక్షకులున్నారు. మన నేల పిల్లలకు మంచు చేతకాదని ఎవరూ అనలేరు, పూర్ణ ఆ మాటను ఎప్పుడో చెరిపేసింది. ఆమె ధైర్యం గురించి పిల్లలకు చెప్పే ప్రతిసారీ ఆ మెట్ల గురించి కూడా చెప్పాలి. ఆ ధైర్యం ఆ మెట్ల మీదే పెరిగింది.

అమెరికాలో మన పిల్లలు

ఈ కథలో ఇంకో ఇల్లు ఉంది. అది కరీంనగర్‌లో ఉంటుంది. కొడుకో కూతురో అమెరికాలో చదువు. మూడు రోజుల సెలవు కలిసొస్తే నలుగురు స్నేహితులు కారు మాట్లాడుకుని మంచు కొండకు పోతారు. లిఫ్టు టికెట్, కిరాయి, హోటల్ ఖర్చు చూసుకుని పాఠం డబ్బు మిగుల్చుకుంటారు. యూట్యూబ్ చూస్తే చాలనుకుంటారు. ఇక్కడ అమ్మానాన్నలకు ఆ సాయంత్రం ఫొటో వస్తే సంతోషం, రాకపోతే రాత్రంతా జాగారం.

ఆ పిల్లలకు చెప్పేది ఇదే. మిగుల్చుకోవాలంటే హోటల్‌లో మిగుల్చుకోండి, పాఠంలో వద్దు. అక్కడి వాలులకు గుర్తులుంటాయి. ఆకుపచ్చ వృత్తం సులువు, నీలి చతురస్రం నడిమిది, నల్ల వజ్రం ఆరితేరిన వాళ్లది. స్నేహితుడు నీలం మీద ఉన్నాడని మీరు ఆకుపచ్చను వదలకండి. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆరోగ్య బీమా ఇలాంటి ఆటల గాయాలకు వర్తిస్తుందో లేదో బయల్దేరే ముందే చదవండి. ఒక్క ఎముక విరిగితే అక్కడి ఆసుపత్రి బిల్లు చదువు అప్పు మీద మరో అప్పు అవుతుంది.

తలకు దెబ్బ తగిలితే "బాగానే ఉన్నాను" అనే మాటను నమ్మవద్దు. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోన్ త్రోంబ్లాంలో కొత్తవాళ్ల వాలు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. హెల్మెట్ లేదు. లేచి నవ్వుతూ మాట్లాడారు, వైద్యం వద్దన్నారు. గంట తర్వాత తలనొప్పి మొదలైంది. పుర్రె లోపల రక్తం పేరుకుని రెండు రోజులకు కన్నుమూశారు. తల దెబ్బ తిన్న మనిషిని ఆ పూట ఒంటరిగా వదలకూడదు. తలనొప్పి, వాంతి, మగత, మాట తడబాటు, వీటిలో ఏది కనబడ్డా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

---

వాలు మీద మర్యాద

▪ కింద, ముందు ఉన్నవారిదే దారి. వెనక నుంచి వచ్చేవారే తప్పుకోవాలి.

▪ ఎప్పుడైనా ఆగగలిగే వేగంలోనే జారాలి.

▪ ఆగితే పక్కన, పైవారికి కనబడే చోట ఆగాలి. మలుపు కింద, దారి మధ్యలో కూర్చోకూడదు.

▪ బయల్దేరే ముందు, దారులు కలిసే చోట తలెత్తి పైకి చూడాలి.

▪ పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ వదులు మంచుతో నిండిన గుంతలుంటాయి. తలకిందులుగా పడితే ఊపిరాడదు. చెట్ల మధ్యకు పోవద్దు.

▪ ఇద్దరుగా ఉండాలి. ఎవరైనా దెబ్బతింటే దగ్గరే నిలబడి సాయం పిలవాలి. మన దేశంలో అత్యవసర నంబరు 112.

---

మళ్లీ యార్డు దగ్గర

ఎండ పొడిచాక మంచు విడింది. బండ్లు కదిలాయి. కుర్రాడి బాపు పత్తిలో చెయ్యి లోపలికి దూర్చి, పిడికెడు తీసి బుగ్గకు ఆనించి చూసుకున్నాడు. యంత్రం చెప్పకముందే తేమ సంగతి ఆయనకు తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్లు, ఎన్నో పంటలు ఆ చేతికి నేర్పిన చదువు అది. మంచు కూడా అలా చేతికి తెలియాల్సిందే. ఏది మెత్తనిది, ఏది గట్టిది, ఏది జారనిస్తుంది, ఏది విరగ్గొడుతుంది అన్నది వీడియో చెప్పదు.

మన ప్రాంతంలో డబ్బు కంటే ముందు పిల్లల మనసు ఎగురుతుంది. దాన్ని కిందికి లాగడం నా ఉద్దేశం కాదు. గోండు గూడెం పిల్లలు, గురుకులాల పిల్లలు, పత్తి రైతు బిడ్డలు ఆ తెల్లటి వాలు మీద నిలబడాలని నాకూ ఉంది. వాళ్లు రెండు చేతులూ బాగుండి ఇంటికి రావాలని అంతకంటే ఎక్కువగా ఉంది. గుల్మార్గ్ ఎక్కడికీ పోదు. ఈ ఏడు పడటం, వచ్చే ఏడు నిలబడటం, ఆ పైయేడు మలుపు తిరగడం నేర్చుకుంటే కొంపలేమీ మునగవు.

పది రోజుల తర్వాత ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. వెనక ఎవరో ఆడమనిషి నవ్వుతున్న చప్పుడు.

"అన్నా, ప్రయాణం ఫిబ్రవరి ఆఖరుకు జరిపినం. వారం రోజుల క్లాసు మాట్లాడుకున్నం. నలుగురికీ మణికట్టు పట్టీలు గూడ తెప్పించినం."

"మంచిది తమ్మీ. ఆ నవ్వెవరు?"

"మా అవ్వ. పరుపు మీద పడుడు సాధన జేస్తున్న. చేతులు చాపకురా అని ఆమెనే యాది జేస్తుంది."

ఫోనులో ధబ్బుమని చప్పుడు వినబడింది. ఆ వెంటనే అవ్వ గొంతు: "గిప్పుడు మంచిగ పడ్డవ్ బిడ్డా. ఇంకోపారి పడు."